బర్సీం పొలంలో మూరెడు అడుగు

మా కంపెనీ సేఫ్టీ ఆఫీసులో, గోడకి తగిలించిన సర్టిఫికెట్ల కింద, అద్దాల బీరువాలో ఒక తెల్లటి అచ్చు ఉండేది. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, వేళ్ళ గుర్తులు లేని ఒక అడుగు. మట్టిలో పడిన అడుగులో ప్లాస్టర్ కలిపి పోసి, ఆరాక పైకి తీసిన అచ్చు అది. దాని ముందు ఇంగ్లీషులో చీటీ కూడా పెట్టారు: గుర్తు తెలియని పెద్ద జంతువు, ఎడమ కాలు. నేను ఉద్యోగం మాని ఇంటికొచ్చి మూడేళ్ళవుతోంది. అచ్చూ చీటీ రెండూ ఇంకా అక్కడే ఉన్నాయని మొన్న ఒకాయన ఫోనులో చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారక ఇది రాస్తున్నాను.

గల్ఫ్‌కి వెళ్ళబోయే పిల్లలు, వెళ్ళి అక్కడ కుదురుకున్న పిల్లలు దీన్ని చదవాలి. ఇందులో నేను చేసిన ఘనకార్యం ఏదైనా ఉంటుందని ఆశ పెట్టుకోకండి. అలాంటివి రాసే పెద్దమనుషులు వేరే ఉన్నారు.

నేను పనిచేసింది రియాద్‌కి దక్షిణాన, అల్ ఖర్జ్ వైపు, ఒక పెద్ద డైరీ ఫారంలో. వేల ఆవులు. వాటికి గడ్డి కావాలి, ఆ గడ్డికి నీళ్ళు కావాలి. ఎడారిలో నీళ్ళు చల్లే యంత్రాన్ని పివట్ అంటారు. పొలం నడుమ ఒక ఇనుప స్తంభం, దానికి రెండు ఫర్లాంగుల పొడవు పైపు, పైపు కింద చక్రాలు. గడియారం ముల్లులా మెల్లగా చుట్టూ తిరుగుతూ నీళ్ళు కురిపిస్తుంది. ఆ నీటికి బర్సీం గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. పివట్ పాడైతే బాగుచేయడం మా పని. జగిత్యాల దగ్గరి ఊరి నుంచి హెల్పరుగా వెళ్ళిన నేను ఇరవై రెండేళ్ళలో ఫోర్‌మన్ అయ్యాను. చేతులు కడుక్కోవడానికి, సీసాలు నింపుకోవడానికి ప్రతి పివట్ స్తంభానికీ ఒక నల్లా నేనే పెట్టించాను. ఈ ఒక్క మంచి పనే చెప్పుకోవచ్చు, దాన్నీ చివరికి నేనే పాడుచేశాను.

పొలాల చుట్టూ ఇసుక ఆపడానికి అథల్ చెట్లూ సర్వి చెట్లూ నాలుగైదు వరసలుగా పెంచారు. ఏళ్ళు గడిచి అవి చిక్కగా అల్లుకుపోయాయి. మేం దాన్ని అడవి అనేవాళ్ళం. చుట్టూ ఇసుక తప్ప ఏమీ లేని చోట నాలుగు వరసల చెట్లుంటే అదే అడవి. దానికి అవతల చిరిగిన కంచె, ఆ కంచెకి అవతల ఖాళీ ఎడారి. అక్కడ గొర్రెల మందలు, ఒంటెల మందలు, ఒక్కో మందకి ఒక్కో కాపరి. మేం వాళ్ళని దూరం నుంచి చూసేవాళ్ళం. దగ్గరికి వెళ్ళిన గుర్తు నాకు లేదు.

అది మే నెల. ఏడో నంబరు పివట్ దగ్గర తడి మట్టిలో ఒక నేపాలీ కుర్రాడు ఆ అడుగుల్ని మొదట చూశాడు. మూరెడు పొడవు. వేళ్ళు లేవు, మడమ లేదు. వాళ్ళ మంచు కొండల్లో అలాంటి అడుగుల మనిషి ఉంటాడట, వాళ్ళ తాత చెప్పాడట. మంచు మనిషికి సౌదీ వీసా ఎవరిచ్చారని మేం ఎగతాళి చేశాం. బంగ్లాదేశ్ వాళ్ళు జిన్ అన్నారు. మనవాళ్ళు దయ్యం అన్నారు. రెండు రోజుల తరవాత అవే అడుగులు మా క్యాంపు వెనక, మెస్ చెత్తడబ్బాల దగ్గర కనిపించాయి. అప్పటిదాకా నవ్విన వాళ్ళు తలుపులకి గడియలు సరిచూసుకోవడం మొదలుపెట్టారు.

మా సేఫ్టీ ఆఫీసరుది కాకినాడ వైపు. చదువుకున్నవాడు, మాట తీరు మంచిది. హెల్మెట్ లేకుండా కనిపిస్తే ఊరుకోడు. అమెరికా అడవుల్లో పెద్ద పాదాల జంతువు తిరుగుతుందని, దాన్ని బిగ్‌ఫుట్ అంటారని, దాని ఆనవాళ్ళు వెతకడానికే కొందరు బతుకంతా ధారపోశారని ఆయన ఫోనులో వీడియోలు తెగ చూసేవాడు. అడుగుల సంగతి చెవిన పడగానే టేపు పట్టుకుని ఏడో పివట్ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"చూశారాండీ ఫోర్‌మన్ గారూ! ఇది మామూలు జంతువు కాదండీ. రెండు కాళ్ళ మీద నడుస్తుంది. మనకి దొరికిందంటే ప్రపంచమంతా మన ఫారం పేరు మారుమోగిపోద్దండీ."

"ఎడారిల బిగ్‌ఫుట్ ఏంది సార్?" అన్నాను.

"అదే కదండీ విశేషం!" అన్నాడు.

నేను టేపు రెండో కొస పట్టుకున్నాను. నిజం చెప్పాలి, నాకు సరదాగా ఉంది. ఇరవై రెండేళ్ళు బేరింగులూ గేర్‌బాక్సులూ చూసిన వాణ్ణి, ఆఫీసరు పక్కన నిలబడి జంతువు జాడ తీయడం కొత్తగా ఉంది. మేనేజరు ఒప్పుకున్నాడు. ఇరవై మందిని ఇచ్చాడు. చెట్లకి కెమెరాలు కట్టాం. డ్రోన్ ఎగరేశాం, అది ఆ చిక్కటి కొమ్మల మీద తిరిగి తిరిగి ఏమీ చూడలేక వచ్చింది. పికప్‌కి మైకు కట్టి హిందీలో ప్రకటన పెట్టాం: ప్రమాదకరమైన జంతువు తిరుగుతోంది, చెట్లలోకి ఎవరూ వెళ్ళవద్దు. బోను కూడా తెప్పించారు. పనికి పోయే వాళ్ళందరూ ఫోటోలు దిగారు. అడుగు పక్కన కాలు పెట్టి ఫోటో, బోను ముందు ఫోటో. నేనూ దిగాను.

ఆనవాళ్ళు రోజూ దొరికేవి. నలిగిన గడ్డి పరుపు. ఖర్జూరపు గింజల కుప్ప. చెత్తడబ్బాలోంచి లాక్కెళ్ళిన రొట్టెల కవరు. చెట్ల కింద నాలుగైదు చోట్ల వేప పుల్లలు, ఒక కొస నమిలి, నిలువునా రెండుగా చీల్చినవి. వాటిని ఆఫీసరు ప్లాస్టిక్ కవర్లలో వేసి నంబర్లు రాశాడు. దవడ బలానికి ఇది రుజువట. కొమ్మల్ని నిలువునా చీల్చేస్తోందట. నేను ఆ కవర్లు పట్టుకుని నిలబడ్డాను. నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూశాను.

మా జట్టులో ట్రాక్టరు నడిపే పఠాన్ ఒకాయన ఉండేవాడు. పెషావర్ వైపు వాడు, నాకంటే రెండేళ్ళు పెద్ద. ఎక్కువ మాట్లాడడు. మూడో రోజు ఏడో పివట్ నల్లా దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. అడుగులన్నీ అక్కడికే వచ్చి అక్కడి నుంచే పోతున్నాయి.

"ఉస్తాద్, ఏక్ బాత్ బతావ్. జానవర్ పానీ పీకే నల్కా బంద్ కర్తా హై క్యా?"

నీళ్ళు తాగిన జంతువు నల్లా కట్టేసి వెళుతుందా అని అడిగాడాయన. నిజమే. నల్లా గట్టిగా కట్టేసి ఉంది. చుక్క కూడా కారడం లేదు. మా పనివాళ్ళే సగం తెరిచి వదిలేస్తారు, వచ్చినప్పుడల్లా నేనే తిట్టి కట్టేవాణ్ణి. ఆఫీసరుకి ఆ మాట తెలుగులో చెప్పాను. ఆయన నవ్వాడు.

"కింద గుంటలో నిలిచిన నీళ్ళు తాగుతుందండీ. మీ పఠాన్ గారిని ట్రాక్టరు చూసుకోమనండి."

నేనూ నవ్వాను. లోపల ఎక్కడో ఒక ముల్లు గుచ్చుకుంది, కానీ నవ్వాను. ఆఫీసరు మాటకి ఎదురు చెప్పి డ్రైవరు పక్షం ఎందుకు తీసుకోవాలి అనుకున్నాను. పఠాన్ నా వైపు ఒకసారి చూసి ట్రాక్టరెక్కి వెళ్ళిపోయాడు. ఆ చూపు తలచుకుంటే ఇవాళ కూడా నాకు తల తీసేసినట్టుంటుంది.

ఆదివారం నాడు ఆఫీసరుకి గొప్ప ఆలోచన వచ్చింది. ఏడో పొలంలో గడ్డి కోసి ఉంది. కోసిన గడ్డి ఎండాలి కాబట్టి అక్కడ పివట్ నాలుగు రోజులు ఆపేస్తాం, చుక్క నీరు పడదు. ఆ చుట్టుపక్కల నీళ్ళున్నది ఒక్క నల్లా దగ్గరే. దాన్ని కూడా కట్టేస్తే జంతువు నీళ్ళ కోసం బయటికి రాక తప్పదని, బోను పక్కన తొట్టి పెట్టి నింపితే అందులోకే వస్తుందని ఆయన లెక్క.

"రెండు రోజులు దాహం వేసిందంటే చచ్చినట్టు వస్తుందండీ" అన్నాడు.

నేను వెళ్ళి లోపలి వాల్వు కట్టేసి, నల్లా పిడి ఊడదీసి జేబులో వేసుకున్నాను. మిట్టమధ్యాహ్నం. ఎండ నలభై ఆరు డిగ్రీలు. జంతువు అయినా సరే, ఆ ఎండలో నీళ్ళు బంద్ చేయడం ఏం మర్యాద అని ఆ రోజు నాకు తోచలేదు. పని చెప్పారు, చేశాను. గల్ఫ్‌లో మేం నేర్చుకున్న పెద్ద విద్య అదే.

మంగళవారం తెల్లవారాక, నా గది ముందు నిలబడి పళ్ళు తోముకుంటున్నాను. క్యాంపులో వేప చెట్లున్నాయి. పేస్టూ బ్రష్షూ ఉన్నా నాకు చిన్నప్పటి అలవాటు పోలేదు, రోజూ వేప పుల్లే. నమిలి, తోముకుని, చివర్లో పుల్లని నిలువునా రెండుగా చీల్చాను. ఒక బద్దని వంచి నాలుక గీసుకున్నాను. రెండు బద్దల్నీ పారేయబోతూ చేతిలో చూసుకున్నాను.

ఒక కొస నమిలిన పుల్ల. నిలువునా రెండుగా చీల్చిన పుల్ల.

ఇరవై రెండేళ్ళు కాదు, ఊహ తెలిసినప్పటి నుంచి రోజూ చేస్తున్న పని అది. మా నాయన చేసిన పని, మా ఊళ్ళో ప్రతి మగవాడూ ప్రతి పొద్దునా చేసిన పని. దాన్నే కవర్లో వేసి నంబరు రాస్తుంటే నేను పక్కన నిలబడి చూశాను. ఏ జంతువు నాలుక గీసుకుంటుంది? ఎడారిలో దొంగలా దాక్కుని, తిండి కోసం చెత్తడబ్బా వెతుక్కుంటూ కూడా పొద్దున్నే పళ్ళు తోముకునేవాడు ఎవడు? మనవాడే కదా! నోరు కూడా కడుక్కోలేదు. పఠాన్ గది తలుపు బాదాను.

ఆయన ఏమీ అడగలేదు. పికప్ తాళాలు తీసుకుని వచ్చాడు. దారిలో చెప్పాను. రెండు రోజులుగా నీళ్ళు లేవంటూ స్టీరింగు మీద చేత్తో కొట్టాడు.

"దో దిన్ సే పానీ బంద్ హై, ఉస్తాద్!"

ముందు వాల్వు తిప్పి, పిడి బిగించి నల్లా తెరిచాను. తరవాత ఇద్దరం చెట్లలోకి చొరబడ్డాం. మూడో వరసలో, అథల్ కొమ్మలు నేలకి వంగిన చోట దొరికాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. పెదవులు నల్లగా పగిలి, నాలుక ఎండిపోయి, కళ్ళు సగం తెరిచి పడున్నాడు. కాళ్ళకి గోనెసంచి ముక్కలు. లోపల గడ్డి కుక్కి, బేళ్ళు కట్టే తాడుతో చీలమండ దాకా చుట్టుకున్నాడు. మూరెడు పొడవు. ఆ గడ్డి కింద అరికాళ్ళు ఉన్నాయో లేదో తెలియనంతగా కాలి పుండ్లయ్యాయి.

నీళ్ళతో పెదవులు తడిపితే, మొదట ఒక్క మాటే అన్నాడు.

"అమ్మా."

తెలుగో హిందీయో చెప్పలేని మాట. రెండో మాటతో తెలిసిపోయింది.

"ఇంకిన్ని నీళ్ళియ్యు."

పఠాన్ అతన్ని ఎత్తి భుజాన వేసుకున్నాడు. ఏడుస్తున్నాడాయన. నాకు ఏడుపు కూడా రాలేదు.

గేటు దగ్గర ఆఫీసరు ఎదురొచ్చాడు. ఎవరో ఫోన్ చేసినట్టున్నారు. చేయి అడ్డం పెట్టాడు.

"ఎవరండీ ఈయన? మన ఎంప్లాయీ కాదు కదా. ఇలా బండిలో తీసుకెళ్ళిపోతే ఎలాగండీ? అనుమతి లేని మనిషి లోపల దొరికాడు. ముందు ఇన్సిడెంట్ రిపోర్టు రాయాలి, పోలీసుకి చెప్పాలి. దారిలో ఏమన్నా అయితే మన మీదికి వస్తుంది."

"సార్, మనిషి సచ్చిపోతుండు."

"అర్థమైందండీ. కానీ ప్రొసీజరు ఉంటుంది కదా."

ప్రొసీజరు! వారం రోజులు జంతువు కోసం కెమెరాలు కట్టినప్పుడు ఏ ప్రొసీజరూ అడ్డు రాలేదు. బోను తెచ్చినప్పుడు రాలేదు. నీళ్ళు బంద్ చేసినప్పుడు రాలేదు. అది మనిషి అని తేలగానే వచ్చిందా? నా బతుకులో ఆఫీసరు మీద నోరెత్తింది ఆ ఒక్కరోజే.

"నీ రిపోర్టుల నీ పేరు రాస్కో, నా పేరు రాస్కో. ఇద్దరం కల్సి చంపినమని రాస్కో. ముందుగాల అడ్డం జరుగు!"

గేటు కాపలాకి ఒక సౌదీ పెద్దాయన ఉండేవాడు. తెల్ల గడ్డం, ఎప్పుడూ కుర్చీ వదలడు. మా గొడవ ఆయనకి ఒక్క ముక్క అర్థమై ఉండదు. లేచి వచ్చి బండిలోకి తొంగి చూశాడు. తన సీసాలో నీళ్ళు తీసి ఆ మనిషి తల మీద పోశాడు. ఆఫీసరు వైపు చూడకుండా వెళ్ళి అడ్డుకర్ర ఎత్తాడు.

"రూహ్! రూహ్!" పొండి పొండి అని గట్టిగా అరిచాడు.

అతను బతికాడు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నారు, పది రోజులకి కోలుకున్నాయి. కుడి కాలి రెండు వేళ్ళు తీసేయాల్సి వచ్చింది. నిర్మల్ వైపు వాడు. డ్రైవరు వీసా అని చెప్పి తెచ్చి గొర్రెల వెనక తోలారు. ఫోను లాక్కున్నారు. చెప్పులు తెగిపోతే కొత్తవి ఇవ్వలేదు. పారిపోయి మా చెట్లలో దూరాడు. పారిపోయిన వాడని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అప్పటికే కేసు పెట్టాడు కాబట్టి కనిపిస్తే పట్టుకుని మళ్ళీ వాడికే అప్పజెబుతారని భయం. మనవాళ్ళ సంఘం ఒకటి పూనుకుని, ఎంబసీ చుట్టూ తిరిగి, పాస్‌పోర్టు బదులు ఇచ్చే ఔట్‌పాస్ తెచ్చి ఇంటికి పంపింది.

రిపోర్టు సంగతి కూడా చెప్పాలి. నల్లా మరమ్మతు కోసం కట్టేశామని రాసి, నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. వారానికి నన్ను పివట్ల నుంచి తీసి స్టోరులో బోల్టులు లెక్కపెట్టే పనికి వేశారు. వెతుకులాట క్రమశిక్షణతో జరిపినందుకు ఆఫీసరుకి సర్టిఫికెట్ వచ్చింది. ఆ కాగితంలో మనిషి ఊసే లేదు. అచ్చుని మాత్రం బీరువాలో పెట్టారు. చీటీ మార్చమని మేనేజరుకి నేను రెండుసార్లు చెప్పాను. ఆయన నవ్వి, ఇప్పుడెందుకవన్నీ అన్నాడు. అంతకంటే గట్టిగా నేను కొట్లాడలేదు, అదీ నా తప్పే.

అతను ఇంటికి వెళ్ళే ముందు ఆసుపత్రికి వెళ్ళాను. దానిమ్మ పళ్ళు తీసుకెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు, కాళ్ళకి తెల్లటి కట్లు. కాపాడినవాణ్ణని నాకు దండం పెట్టబోయాడు. చేతులు పట్టుకుని ఆపేశాను. చెప్పకుండా పోవడం నా వల్ల కాలేదు.

"తమ్మీ, ఆ నల్లా బంద్ చేసింది నేనే."

అతను తల ఊపాడు.

"తెలుసన్నా. నువ్వు బంద్ చేస్తుంటే సూసిన. చెట్ల యెన్కనే ఉన్న."

"మరి ఒర్లవైతివి గదా తమ్మీ. నేను తెలుగోణ్ణే."

"తెలుగే అని మొదటి రోజే తెల్సింది. మీరిద్దరు అడుగులు కొలుసుకుంట మాట్లాడుతుంటే ఇన్న. పానం లేసొచ్చింది. కానీ భయమైంది. పట్టి మళ్ళ ఆ కఫీల్‌కే ఇస్తరేమో అని. బోను కాడి తొట్టికి గూడ అందుకే రాలే." అతను కట్ల వైపు చూసుకున్నాడు. "అయినా అద్దామనే ఉంటి అన్నా. ఎవలన్న ఉన్నరా అని ఒక్క మాట పిలుస్తే అద్దామనుకున్న. దినాం సూసిన. నువ్వు నల్లా కాడికి ఒక్కనివే అచ్చినవు గదా, ఆ రోజు తప్పక పిలుస్తవనుకున్న."

ఆ పళ్ళు మంచం మీద పెట్టి వచ్చేశాను. ఇరవై మందిమి వారం రోజులు ఆ చెట్లన్నీ గాలించాం. నేను టేపు పట్టాను, కెమెరాలు కట్టాను, మైకు బండి వెనక తిరిగాను. ఒక్కసారి కూడా పిలవలేదు.